వెల్స్ ఫార్గో వించెస్టర్ 94 కొనొచ్చా? కంపెనీ పేరున్న లిమిటెడ్ ఎడిషన్ రైఫిళ్లకి రేటు ఎలా కడతారు?

టెక్సాస్_తెలుగు:
అందరికీ నమస్తే. మా ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన తన రైఫిళ్ల కలెక్షన్ అంతా అమ్మేస్తున్నారు, అందులో రెండు నాకు బాగా నచ్చాయి. ఒకటి వెల్స్ ఫార్గో బ్యాంకుకి 125 ఏళ్లు పూర్తయినప్పుడు 1977లో వించెస్టర్ కంపెనీ తీసిన మోడల్ 94 లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్ ఆడిస్తే తూటా లోపలికి వెళ్లేది), థర్టీ థర్టీ తూటాది, పెట్టెతో సహా ఉంది. రెండోది హెన్రీ కంపెనీ గోల్డెన్ బాయ్, పాయింట్ టూ టూ చిన్న తూటాది, దాని మీద ఒక ట్రాక్టర్ డీలర్ కంపెనీ లోగో, 50 ఏళ్లు అని చెక్కి ఉంది, వాళ్ల స్టాఫ్‌కి మాత్రమే ఇచ్చారంట. ఆయన బ్లూ బుక్ (తుపాకుల రేట్ల పుస్తకం) తెరిచి అందులో అన్నిటికంటే పైనున్న రేటు చూపించి అదే అడుగుతున్నారు, లిమిటెడ్ ఎడిషన్ కదా ఏటేటా పెరగడమే గానీ తగ్గదు అంటున్నారు. నిజమేనా? ఇంకోటి, కొన్నాక రేంజ్‌కి తీసుకెళ్లి అప్పుడప్పుడు పేల్చుకోవచ్చా, లేక పెట్టెలోనే ఉంచాలా? నాకు ఇది మొదటి కలెక్షన్ పీస్, దయచేసి వివరంగా చెప్పండి.

లీవర్_యాక్షన్_అభిమాని:
తమ్ముడూ, ముందు ఆ "లిమిటెడ్" అనే మాట పక్కన పెట్టి ఎన్ని తీశారో చూడు. వించెస్టర్ 94లో కమెమొరేటివ్‌లు, అంటే ఏదో ఒక సందర్భానికి గుర్తుగా తీసిన ప్రత్యేక మోడళ్లు, 1964లో వయోమింగ్ డైమండ్ జూబిలీతో మొదలయ్యాయి, అవి 1,500 మాత్రమే, అందుకే దానికి ఇప్పటికీ వేరే గిరాకీ ఉంది. రెండేళ్లకే 1966లో కంపెనీ సొంత వందేళ్లకి సెంటెన్నియల్ 66 తీస్తే లక్ష దాటాయి, 1968 బఫెలో బిల్ కూడా లక్ష పైనే, 1969 గోల్డెన్ స్పైక్ దాదాపు 70 వేలు, 1981 జాన్ వేన్ 50 వేల చుట్టుపక్కల. నువ్వు చూసిన వెల్స్ ఫార్గో 20 వేల దాకా ఉన్నాయి. అంటే మరీ ఎక్కువ కాదు, అలాగని అరుదూ కాదు.

అసలు సమస్య ఇంకోటుంది. మామూలు రైఫిల్ కొన్నవాళ్లు వేటకి తీసుకెళ్లారు, వానలో తడిపారు, స్టాక్ (వెనక చెక్క భాగం) పగలగొట్టుకున్నారు, కాబట్టి మంచి కండిషన్‌లో మిగిలినవి తక్కువ. కమెమొరేటివ్ కొన్నవాళ్లు మాత్రం రేపు రేటు పెరుగుతుందని అందరూ పెట్టెలోనే దాచారు, ఇప్పుడు ఆ తరం వాళ్లు, వాళ్ల పిల్లలు అందరూ ఒకేసారి బయటికి తీస్తున్నారు. మార్కెట్లో కొత్తగా ఉన్నవే కుప్పలుగా దొరుకుతున్నప్పుడు కొత్తగా ఉండటానికి ఎక్స్‌ట్రా ఎవరు ఇస్తారు చెప్పు. అందుకే చాలా కమెమొరేటివ్‌ల రేటు ద్రవ్యోల్బణంతో పోలిస్తే పెరగనట్టే లెక్క.

బ్లూ బుక్‌లో ఆ పైన ఉన్న రేటు దేనికంటే పేల్చకుండా, పెట్టె, పైన తొడిగే అట్ట స్లీవ్, కాగితాలు, ట్యాగ్ అన్నీ ఉన్నదానికి. వీటిలో ఏది తగ్గినా రేటు మెట్టు మెట్టుగా కాదు, ఒక్కసారిగా పడిపోతుంది. పేల్చకపోయినా ఊరికే లీవర్ ఆడిస్తే చాలు, బోల్ట్ (తూటా వెనక మూసే ముక్క) వెనక్కొచ్చి హ్యామర్ (పేల్చడానికి వెనక నుంచి కొట్టే సుత్తి) మీదుగా రాసుకుంటూ పోతుంది, హ్యామర్ పైన సన్నగా మెరిసే గీత పడుతుంది. కొనేటప్పుడు టార్చ్ వేసి అది చూడు. ముందు ఖాళీగా ఉందో లేదో చెక్ చేసి లీవర్ మెల్లగా తెరిచి బోల్ట్ ముఖం కూడా చూడు, ఫైరింగ్ పిన్ (తూటాని పొడిచి పేల్చే సూది) రంధ్రం చుట్టూ లేత ఉంగరంలా గుర్తు కనిపిస్తే అది పేల్చిన తుపాకే, ఆయన ఏం చెప్పినా సరే. ఒక్కసారి కట్టిన పట్టుచీరని కొత్తదని ఎవరూ కొనరు కదా, ఇదీ అంతే.

పేల్చాలంటే దీన్ని కొనకు. అదే కాలం మామూలు 94 తీసుకో, తూటా అదే, గురి అదే, మనసుకి హాయిగా ఉంటుంది.

పాత_ఇనుము:
పైన అన్న చెప్పినదంతా కరెక్ట్, ఒకటి కలుపుతా. 1964 తర్వాత చాలా ఏళ్లు వించెస్టర్ రిసీవర్‌కి (బోల్ట్ ఉండే మధ్య లోహపు భాగం) వాడిన లోహం వేరు, మామూలు హాట్ బ్లూయింగ్ (ఉక్కుకి నల్లటి రంగు పట్టించే పద్ధతి) దానికి సరిగ్గా పట్టదు, రంగు తేడాగా వస్తుంది. కాబట్టి ఫినిష్ పోతే మళ్లీ చేయించుకుందాంలే అనుకోవద్దు. బంగారు పూత, వెండి పూత ఉన్న మోడళ్లకి ఇంకా జాగ్రత్త, మెటల్ పాలిష్ పెట్టి రుద్దారంటే పూత లేచిపోతుంది. లోపల థర్మాకోల్ ఉన్న పెట్టెలో ఏళ్ల తరబడి మూసి పెడితే చెమ్మ పట్టి కింది వైపు తుప్పు చుక్కలు వస్తాయి, ఆనుకుని ఉన్న వైపు తిప్పి చూడండి, చాలామంది పై వైపు మాత్రమే చూసి డబ్బులిచ్చేస్తారు. నేనైతే రైఫిల్‌ని సేఫ్‌లో పెట్టి పెట్టెని విడిగా పొడి చోట ఉంచుతా.

హెన్రీ గురించి. హెన్రీ వాళ్లు కంపెనీలకి లోగోలతో ఇలా చేసి ఇస్తారు, కొన్నిసార్లు కంపెనీలు మామూలు రైఫిళ్లు కొని బయట చెక్కించుకుంటాయి కూడా. రెండూ ఒకటి కాదు. ఫ్యాక్టరీ నుంచి అలా వచ్చిందని చూపించే కాగితం, లేదా ఆ కంపెనీ ఉద్యోగికి ఇచ్చినప్పటి ఉత్తరం ఏదైనా ఉంటే అడగండి. ఇలాంటి వాటికి దేశమంతా మార్కెట్ ఉండదు, ఆ డీలర్ దగ్గర పనిచేసినవాళ్లు, వాళ్ల పిల్లలు, ఆ బ్రాండ్ వస్తువులన్నీ పోగుచేసేవాళ్లు, అంతే. వాళ్లలో ఇద్దరు గట్టిగా కావాలనుకుంటే వేలంలో రేటు బాగా పోతుంది, ఒక్కరే ఉంటే మామూలు గోల్డెన్ బాయ్ రేటుకే పోతుంది. అందుకని మామూలు గోల్డెన్ బాయ్ రేటు మొదలుపెట్టి, పైన కొంచెమే కలపండి. బయటి లోగో అంటే కొందరు వద్దనుకుంటారు కూడా.

అన్నట్టు కంపెనీ పేరున్న ప్రతిదీ లిమిటెడ్ ఎడిషన్ అనుకోవద్దు. సియర్స్ టెడ్ విలియమ్స్ మోడల్ 100 అంటే వించెస్టర్ 94నే, వెస్టర్న్ ఆటో రెవెలేషన్ 200 అంటే మార్లిన్ 336నే, షాపులు తమ పేరుతో అమ్ముకున్నవి. అవి వాడుకోడానికి బంగారం లాంటి రైఫిళ్లు, కలెక్షన్ రేటు అడిగితే మాత్రం ఇవ్వకండి.

కాగితాలు_ముఖ్యం:
రేటు సంగతి తేల్చేముందు మీ స్టేటస్ ఏంటో చెప్పండి. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకి దగ్గర ఉంచుకోవడమే నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నా లాయర్‌ని అడగకుండా దాని మీద ఆధారపడొద్దు. కలెక్షన్ పీసే కదా పేల్చను కదా అంటే కుదరదు. గ్రీన్ కార్డ్ ఉంటే ఈ అడ్డు లేదు.

అమ్మేవాళ్లు వేరే స్టేట్‌లో ఉంటే ఎఫ్ఎఫ్ఎల్ (ఫెడరల్ లైసెన్స్ ఉన్న) డీలర్ ద్వారానే రావాలి. ఇద్దరూ టెక్సాస్ వాళ్లే అయినా నా సలహా డీలర్ దగ్గరే చేయించుకోండి, తుపాకి కొనేవాళ్ల ఫెడరల్ ఫామ్ 4473 నింపితే రేపు ఏ ప్రశ్న వచ్చినా మీ వైపు కాగితం ఉంటుంది. కలెక్షన్ సీరియస్‌గా చేసేటట్టయితే క్యూరియో అండ్ రెలిక్ లైసెన్స్ (పాత తుపాకులు పోగుచేసేవాళ్లకి ఇచ్చేది) చూడండి, 30 డాలర్లు, మూడేళ్లు చెల్లుతుంది, 50 ఏళ్లు దాటినవి, తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ లిస్టులో ఉన్నవి నేరుగా తెప్పించుకోవచ్చు. ఇంటి ఇన్సూరెన్స్‌లో తుపాకుల దొంగతనానికి విడిగా లిమిట్ ఉంటుంది, అది కూడా ఒకసారి చదవండి.

టెక్సాస్_తెలుగు:
అందరికీ చాలా థ్యాంక్స్. నాకు గ్రీన్ కార్డ్ ఉంది, డీలర్ దగ్గరే చేయిస్తా. నిన్న మళ్లీ వెళ్లి చూశాను. బోల్ట్ ముఖం శుభ్రంగా ఉంది, హ్యామర్ మీద మాత్రం సన్న గీత ఉంది. కింది వైపు తుప్పు లేదు. కానీ పెట్టె మీద సీరియల్ నంబర్, రైఫిల్ మీద నంబర్ కలవలేదు. స్లీవ్ లేదు. ఆయన మాత్రం అదే రేటు మీద ఉన్నారు, మంచివారే, అబద్ధం చెప్పేవారు కాదు, కొన్నప్పుడే అలా వచ్చి ఉండొచ్చు అంటున్నారు. ఏం చేయమంటారు?

లీవర్_యాక్షన్_అభిమాని:
ఆయన మంచివారే అయ్యుంటారు, ఒకటి కంటే ఎక్కువ ఉన్నవాళ్ల ఇంట్లో పెట్టెలు మారిపోవడం మామూలే. ముందు ఆయన కలెక్షన్‌లో ఇంకో వెల్స్ ఫార్గో ఉందా, లేక ఎప్పుడైనా ఒకటి అమ్మారా అని మర్యాదగా అడుగు, నీ రైఫిల్ పెట్టె అక్కడే దొరకొచ్చు. దొరక్కపోతే ఆ పెట్టె వేరే రైఫిల్‌ది, దానికి లెక్క కట్టకు, ఉత్త రైఫిల్‌కి మాత్రమే కట్టు. గన్‌బ్రోకర్ అనే తుపాకుల వేలం సైట్‌లో అమ్ముడైపోయిన వేలాలు మాత్రమే చూడు, ఇంకా అమ్ముడవకుండా నెలల తరబడి ఉన్న అడిగే రేట్లు కాదు. అందులో పెట్టె లేని వెల్స్ ఫార్గోలు కొన్ని ప్రింట్ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టు, బ్లూ బుక్ మీద వాదన అక్కర్లేదు. అప్పటికీ దిగకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్, తీసిన ఆ 20 వేల రైఫిళ్లలో ఇంకోటి దొరుకుతుంది. ఆ హెన్రీ మాత్రం ఉత్తరంతో సహా ఇస్తే, లోగో నిజంగా నచ్చితే తీసుకో, దాన్ని హాయిగా రేంజ్‌లో పేల్చుకోవచ్చు.