‘ఊరకుండు వాని కూరెల్ల...’ తర్వాత ఓపదా, ఓర్వదా?

నల్లపెన్సిల్:
వేమన పద్యంలో ఒక పాదం 2006 నుంచి నన్ను వదలడం లేదు. ‘పదుగురాడు మాట’ పద్యమే. మొదటి రెండు పాదాలతో (‘పదుగురాడు మాట పాటియై ధర జెల్లు, నొక్కడాడు మాట యెక్కదెందు’) పేచీ లేదు, మూడోదే తేలడం లేదు.

ఆ ఏడాది జూలై 4 రాత్రి, డోర్ట్‌మండ్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్, జర్మనీ, ఇటలీ సెమీఫైనల్. ఎక్స్‌ట్రా టైం ముగిసే సరికి మనకు తెల్లవారుజామున మూడు కావస్తోంది. ఇంట్లో అందరూ పడుకున్నారు, టీవీ ముందు పెదనాన్న, నేను. ఆయన సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగారు. చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం ఆట కళ్లారా చూసినవారు. 119వ నిమిషం. కార్నర్‌లో వెనక్కి వచ్చిన బంతి ఇటలీ ఆటగాడు ఆంద్రెయా పిర్లోకి అందింది. వేరేవాళ్లయితే ఉన్న చోటి నుంచే బాదేసేవాళ్లు. అతను కొట్టలేదు. పెనాల్టీ బాక్స్ అంచు వెంబడే కుడివైపుకి మెల్లగా జరిగాడు. జర్మన్లంతా అతని వైపే ఒరిగారు. అప్పుడు అటు చూడనైనా చూడకుండా బంతిని ఫాబియో గ్రోసో ముందుకు తోశాడు. ఎడమ కాలితో గ్రోసో గోల్.

నేను గట్టిగా అరిచాను. పెదనాన్న అరవలేదు. “ఊరకుండు వాని కూరెల్ల...” అన్నారు. ఆఖరి మాట నా అరుపులోనే పోయింది. ‘నోపదు’ అన్నట్టు ఒకసారి గుర్తొస్తుంది, ‘నోర్వదు’ అన్నట్టు ఒకసారి. అడుగుదామంటే ఆయన ఇప్పుడు లేరు. మీరు ఏ పాఠం చదువుకున్నారు? ఆ మాటకు అర్థం ఏమని చెప్పుకున్నారు?

అరసున్న:
ఓపదు. మేం బడిలో నేర్చుకున్నది అదే. ఆటవెలది గణాలు సరిచూస్తే: ఊర, కుండు, వాని మూడు సూర్యగణాలు, కూరెల్ల, నోపదు రెండు ఇంద్రగణాలు. యతి ‘ఊ’కి, ‘కి’లో కలిసిన ‘ఊ’కి కుదిరింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, ‘నోర్వదు’ అన్నా ‘నోపదు’లాగే భగణమే, అదీ ఇంద్రగణమే. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. తేల్చేది విభక్తి. ఓర్చుకోవడం అయితే ‘వానిని’ ఓర్వదు అనాలి. ఇక్కడ ఉన్నది ‘వానికి’. వానికి ఊరెల్ల ఓపదు, అంటే ఊరంతా కలిసినా వాడికి సాటి రాదు, చాలదు.

మేడిపండు:
అరసున్న గారూ, విభక్తి ఒక్కటే పట్టుకుంటే ఎలా? పద్యం నోటి మీద బతికిన పద్యం. ‘వాని నూరెల్ల నోర్వదు’ అని మా తాతగారు చదివేవారు. ‘వానికూరెల్ల’లోని ‘కూ’ దగ్గర చిన్నపిల్లలు ‘కూర’ అనుకుని తడబడతారని అలా మార్చుకున్నారేమో తెలియదు. అర్థం మాత్రం నాకు అదే సరిగ్గా తోస్తుంది. మాట్లాడనివాణ్ని ఊరు భరించదు. గొడవపడేవాణ్ని భరిస్తుంది, పొగిడేవాణ్ని నెత్తిన పెట్టుకుంటుంది, మౌనంగా ఉన్నవాడి దగ్గర దానికి నిద్ర పట్టదు.

పిర్లో కథే చూడండి. 1979లో బ్రెషా పక్కన ఫ్లేరోలో పుట్టాడు. పదహారేళ్లకే బ్రెషా జట్టు తరఫున ఇటలీ అగ్రశ్రేణి లీగ్ సీరీ-ఆలో ఆడాడు. 1998లో మిలాన్ నగరంలోని ఇంటర్ క్లబ్ తీసుకుంది. తీసుకుని ఏం చేసింది? ఒక ఏడు రెజ్జీనాకి అప్పు ఇచ్చింది, తర్వాత మళ్లీ బ్రెషాకే అప్పు ఇచ్చింది, 2001లో అదే ఊళ్లో ఉన్న ఏసీ మిలాన్‌కి అమ్మేసింది. పదేళ్లు ఆడి రెండు చాంపియన్స్ లీగ్‌లు, రెండు లీగ్ టైటిళ్లు గెలిచాక మిలాన్ కూడా 2011లో ఊరికే వదిలేసింది. ఒకే ఊరు, రెండు క్లబ్బులు, రెండుసార్లు వదులుకున్నాయి. ఊరెల్ల నోర్వదు అనక ఇంకేం అంటాం?

అరసున్న:
మేడిపండు గారూ, ఆ వదులుకున్న మిలాన్‌కి తర్వాత ఏమైంది? పిర్లో జువెంటస్‌కి వెళ్లిన మొదటి ఏడాదే ఆ జట్టు 38 మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడకుండా లీగ్ గెలిచింది. రెండో స్థానంలో నిలిచింది మిలాన్. 2012 నుంచి 2015 దాకా వరసగా నాలుగు టైటిళ్లు. ఇది ఓర్వకపోవడం కథ కాదండీ, ఓపలేకపోవడం కథే. మీ ఉదాహరణే నా పాఠానికి పనికొచ్చింది.

కృష్ణాతీరం:
మీరిద్దరూ ఆఖరి మాట మీదే కూర్చున్నారు. నాకు మొదటి మాట మీదే అనుమానం. ‘ఊరకుండు’ అంటే మాట్లాడకుండా ఉండటమా, ఏమీ చేయకుండా ఉండటమా? ఊరక, ఊరికే, ఊరుకో, ఈ మూడింటిలోనూ రెండు అర్థాలూ ఉన్నాయి. ఏడ్చే పిల్లని ‘ఊరుకో’ అంటాం. పని లేనివాణ్ని ‘ఊరికే ఉన్నాడు’ అంటాం. మొదటి రెండు పాదాల్లో ‘ఆడు’ అంటే పలుకు కాబట్టి మూడోదానికి మౌనం అనే అర్థం చెప్తున్నాం. ‘ఆడు’కి ఆట అర్థమే తీసుకుంటే? పదుగురు ఆడతారు, ఒక్కడు ఊరికే ఉంటాడు. నల్లపెన్సిల్ గారి పెదనాన్నగారికి ఆ రాత్రి తోచింది ఇదేనని నా నమ్మకం. పదకొండు మందిలో పదుగురు పరిగెత్తుతుంటే ఒక్కడు నడుస్తున్నట్టు కనిపిస్తాడు, అతనే పిర్లో.

అలా నడిచే చోటికి అతన్ని తెచ్చినవాడు బ్రెషా కోచ్ కార్లో మజ్జోనే. 2001 మొదట్లో అప్పు మీద బ్రెషాకి తిరిగొచ్చినప్పుడు, పిర్లో ఆడాల్సిన ముందు వరసలో రొబెర్తో బాజ్జో ఉన్నాడు. బాజ్జోని కదిపేదెవరు? కాబట్టి కుర్రాణ్ని వెనక్కి, డిఫెండర్ల ముందుకు తెచ్చి నిలబెట్టాడు. ఆ ఏప్రిల్ 1న టొరినోలో జువెంటస్ మీద పిర్లో మధ్యలోంచి ఎత్తి వేసిన పాస్, దాన్ని బాజ్జో ఒక్క స్పర్శతో అదుపులోకి తెచ్చి గోల్‌కీపర్ వాన్ డెర్ సార్‌ని తప్పించిన తీరు, ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. తర్వాత మిలాన్‌లో కోచ్ అన్చెలోత్తి దాన్నే అతని శాశ్వత స్థానం చేశాడు. ఆ స్థానాన్ని ఇటాలియన్లు ‘రెజిస్తా’ అంటారు. నాటకాన్ని నడిపించేవాడికీ వాళ్లకు అదే మాట. మనం సూత్రధారి అనొచ్చు.

గండికోట:
సూత్రధారి వద్దండీ. మన పత్రికలు ఆ మాటను ‘దోపిడీ కేసులో ప్రధాన సూత్రధారి’ దాకా తెచ్చాయి.

కృష్ణాతీరం:
పత్రికలు పాడుచేశాయని మంచి మాటను వదిలేస్తామా? కూచిపూడి భామాకలాపంలో సూత్రధారిని చూడండి. రంగం మీదే ఉంటాడు, తనే మాధవి అవుతాడు, సత్యభామను ప్రశ్నలు అడిగి అడిగి ఆమె చేత ఆడిస్తాడు. చప్పట్లు సత్యభామకి. పైగా సంస్కృతంలో సూత్రధారుడంటే కొలతతాడు పట్టిన వాస్తుశిల్పి కూడా. పిర్లోకి ఇటలీలో ‘ఆర్కితెత్తో’ అని పేరుంది. రెండర్థాలూ ఒక్క మాటలో కుదిరాయి.

అరసున్న:
అక్కడ సూత్రధారుడు అన్నారు, పైన సూత్రధారి అన్నారు. ఏదో ఒకటి ఖాయం చేయండి. భామాకలాపం రాసిన సిద్ధేంద్రయోగి దాకా వెళ్తే మళ్లీ వేమన దగ్గరికి రాలేం.

బొంగరం:
ఓపదు అనే పక్షానికి ఒక ప్రశ్న. 2010 మార్చి 10, ఓల్డ్ ట్రాఫర్డ్. మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ దక్షిణ కొరియా ఆటగాడు పార్క్ జీ-సంగ్‌కి ఒక్క పని అప్పగించాడు, పిర్లోని వదలొద్దని. పార్క్ వదల్లేదు. మిలాన్ 4–0తో ఓడింది. ఊరెల్ల ఓపనివాడికి ఒక్కడు ఓపాడు కదా. ఆ మ్యాచ్ చూసిన నాకు వేమన పాదం పిర్లోకి పూర్తిగా వర్తిస్తుందని అనిపించదు.

అరసున్న:
ఊరెల్ల ఓపదు అన్నాడు వేమన, ఒక్కడు ఓపడు అనలేదు. మీరు చెప్పింది పాదానికి వ్యతిరేకం కాదు. గుంపుతో కాని పని ఒంటరిగా వెంటపడ్డవాడితో అయింది, అంతే.

బొంగరం:
ఇది బాగుంది. కానీ వేమన మనసులో ఉన్నది ఇదేనని మాత్రం ఒప్పుకోను.

గండికోట:
మా కడప వైపు పెద్దవాళ్ల నోట ‘ఓపలేను’ ఇప్పటికీ వినిపిస్తుంది. ఎదిరించలేనని కాదు, ఒంట్లో సత్తువ లేదని. ‘ఓపిక’ దాని బిడ్డే. ఓపిక అంటే సహనమూ అవును, శక్తీ అవును. ఓపదు, ఓర్వదు అని మీరు పోట్లాడుకుంటున్న రెండర్థాలూ ఒకే మాట కడుపులో ఉన్నాయి. అందుకే నాకు ఓపదే ఇష్టం. వేమన అంతే. ఎదుటివాడికి అర్థమయ్యే నాలుగు మాటలే తీసుకుంటాడు, వాటిలో ఒకదాన్ని తవ్వుతూ పోతే అడుగు దొరకదు. ఆయన పద్యాల కోసం బ్రౌను దొర ఎన్ని ప్రతులు వెతికించాడో, ఎన్ని పాఠాంతరాలు చూశాడో తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది. 1829లో వేమన అచ్చయ్యాడంటే ఆయన చలవే.

ఇక ఓపిక అంటే నాకు 2012 జూన్ 24, కీవ్ గుర్తొస్తుంది. యూరో క్వార్టర్ ఫైనల్, ఇంగ్లండ్ మీద పెనాల్టీలు. మొంతోలివో కొట్టింది బయటికి పోయింది, ఇటలీ 2–1 వెనకబడి ఉంది. గోల్ గీత మీద ఇంగ్లండ్ గోల్‌కీపర్ జో హార్ట్ నాలుక చాపి, చేతులాడించి భయపెడుతున్నాడు. అంత టెన్షన్‌లో పిర్లో వచ్చి బంతి కింద పాదం పెట్టి మధ్యలోకి మెత్తగా లేపాడు. హార్ట్ పక్కకి దూకేశాడు. ఆ దెబ్బని ఇటాలియన్లు ‘కుక్యాయో’ అంటారు, చెంచా అని. ఆ తర్వాత ఇంగ్లండ్ కొట్టిన రెండూ పోయాయి, ఒకటి బార్‌కి తగిలి, ఒకటి బుఫోన్ చేతికి. గోల్‌కీపర్ మరీ ఊగిపోతున్నాడని చూసి అలా కొట్టానని పిర్లో తర్వాత చెప్పాడు. అరిచేవాడి ఎదుట ఊరకున్నాడు.

మేడిపండు:
2005 ఇస్తాంబుల్ చాంపియన్స్ లీగ్ ఫైనల్ కూడా చెప్పండి గండికోట గారూ. మొదటి సగంలో మిలాన్ తెచ్చుకున్న 3–0 ఆధిక్యం తర్వాత పోయి, పెనాల్టీల్లో పిర్లో కొట్టినదాన్ని లివర్‌పూల్ గోల్‌కీపర్ దూడెక్ ఆపాడు. అక్కడా ఊరకే ఉన్నాడు. ఓటమిని ఓర్చుకున్నాడు. ‘ఓర్చు’ ధాతువుని అంత తేలిగ్గా తీసేయకండి.

గండికోట:
తీసేయలేదు. రెండేళ్లకి ఏథెన్స్‌లో అదే లివర్‌పూల్ మీద, పిర్లో ఫ్రీకిక్ ఇన్‌జాగి ఒంటికి తగిలి మొదటి గోల్ అయింది, కప్పు వచ్చింది. ఓర్చుకున్నవాడే ఓపాడు.

నల్లపెన్సిల్:
అందరికీ నమస్కారం. డోర్ట్‌మండ్ తర్వాత అయిదో రోజు బెర్లిన్ ఫైనల్ కూడా పెదనాన్నతోనే చూశాను. పిర్లో కార్నర్‌కి మాతెరాజ్జీ తలతో కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో ఇటలీ తరఫున మొదటిది పిర్లోదే, లోపలికి వెళ్లింది. ఆ రోజు పెదనాన్న పద్యం చదవలేదు. కప్పు అందుకునేదాకా కుర్చీలోంచి లేవలేదు.

కృష్ణాతీరం గారి ‘పదుగురు ఆడతారు’ ఆయనకి చాలా నచ్చేది. కానీ ఆఖరి మాట ఆయన నోట ఏదిగా వచ్చిందో నాకు ఇంకా వినిపించడం లేదు. ఈ రాత్రి కళ్లు మూసుకుని ఎన్నిసార్లు అనుకున్నా, ‘నో’ దాకా స్పష్టంగా వస్తోంది, తర్వాత నా అరుపే.

అరసున్న:
‘నో’ వినిపించిందంటే ఒక సంగతి అడగాలి. ఆ నకారం ఎక్కడిది? ‘ఎల్ల’ ఇక్కడ ద్రుతాంతమని, అంటే చివర నకారం ఉన్న మాట అని, మనమందరం చూసుకోకుండానే ఒప్పేసుకున్నాం. ‘ఊరెల్ల’ కర్త కదా. బాలవ్యాకరణం దగ్గర పెట్టుకున్నవాళ్లెవరైనా ఉన్నారా?

మేడిపండు:
ఉంది. అలమరలో పైఅర. రేపు తీసి చూస్తాను. అందాకా నాది ఓర్వదే.