డాలర్: సాధువు పేరు రాలిపోయి కోన మిగిలిన మాట

ప్రశ్న: రూపాయిలో రూపం ఉంది, వరహాలో వరాహం ఉంది. డాలర్‌లో ఏముందండీ? అసలు దానికి అర్థమంటూ ఉందా?

జవాబు: ఒక కోన ఉందండీ. వెండి దొరికిన కోన.

ఇప్పటి చెక్ దేశానికీ జర్మనీకీ మధ్య ఒక కొండల వరుస ఉంది. జర్మన్‌లో దాని పేరు ఎర్ట్స్‌గెబిర్గె. ఎర్ట్స్ అంటే ముడిఖనిజం, గెబిర్గె అంటే కొండలు. 16వ శతాబ్దం మొదట్లో అక్కడ వెండి బయటపడింది. ఆ ప్రాంతపు ప్రభువు స్టెఫాన్ ష్లిక్ 1516లో ఒక ఊరు వెలయించాడు. మేరీమాత తండ్రి యోవాకీము పేరు మీద దాన్ని యోఆఖిమ్స్‌టాల్ అన్నారు. ‘టాల్’ అంటే లోయ. నేనైతే ‘కోన’ అనే అంటాను, కొండల నడుమ ఇరుకు చోటుకు అంతకంటే చక్కని మాట మనకు లేదు. చెక్ భాషలో ఆ ఊరు యాఖిమోవ్.

ఆ వెండితో పెద్ద నాణేలు ముద్రించారు. ఒకవైపు యోవాకీము బొమ్మ, రెండోవైపు బొహీమియా (అప్పటి చెక్ రాజ్యం) సింహం. జనం వాటిని ‘యోఆఖిమ్స్‌టాలర్’ అన్నారు. చివరి ‘అర్’ మన ‘ది’ లాంటిది: యోవాకీముకోనది. ప్రతి బేరంలోనూ అంత పొడుగు పేరు ఎవరంటారు? ముందు సగం రాలిపోయి ‘టాలర్’ మిగిలింది. అంటే ఉత్త ‘కోనది’.

నన్ను పట్టుకున్న విషయం ఇదే. మనం ‘గద్వాల కట్టుకుంది’ అంటాం. ఊరి పేరు నిలుస్తుంది, ‘చీర’ అన్న సామాన్య నామం పోతుంది. ఇక్కడ జరిగింది తలకిందులు. సాధువు పేరు పోయింది, ఏ లోయకైనా వర్తించే సామాన్య నామం మిగిలింది. మాట కుదించుకునేటప్పుడు అర్థవంతమైన ముక్కే నిలుస్తుందన్న నమ్మకం ఇలాంటి చోట చెల్లదు.

అక్కడి నుంచి డచ్చి వాళ్ల నోట ‘డాల్డర్’, ఇంగ్లీషులో ‘డాలర్’. స్పెయిన్ వాళ్ల ఎనిమిది రియాళ్ల వెండి నాణేన్ని కూడా ఇంగ్లీషువాళ్లు డాలరే అన్నారు. అమెరికా వలసల్లో చలామణీ అయింది ఎక్కువగా అదే కనుక, 1785లో కొత్త దేశం తన ద్రవ్యానికి ఆ పేరే తీసుకుంది. స్లోవేనియా 2007లో యూరోకు మారేదాకా వాడుకున్న ‘తోలార్’ కూడా ఈ కోనదే.

ప్రశ్న: ఆ కొండల్లోనే వెండి ఎందుకు పుట్టింది? దాని గురించీ రాయండి.

జవాబు: అక్కడి పైరాయి ఎక్కువగా పొరలు పొరలుగా ఉండే అభ్రకపు రాయి. దాని అడుగున, సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట కరిగిన రాయి చొచ్చుకువచ్చి గ్రానైటుగా గడ్డకట్టింది. తర్వాత నేల బీటలిచ్చింది. ఆ బీటల్లోకి లోహాలు కరిగి ఉన్న వేడినీళ్లు ఎక్కి, చల్లారుతూ తమలోని సరుకును వాటి గోడలకు పేర్చాయి. వెండి, బిస్మత్, కోబాల్ట్, నికెల్, ఆర్సెనిక్, యురేనియం, అన్నీ ఆ కాసిని సన్నటి బీటల్లోనే. కొన్నిచోట్ల అచ్చమైన వెండి తీగలు చుట్టుకున్నట్టుగా దొరికేది.

ఇలాంటి బీటను మన పాఠ్యపుస్తకాలు ‘సిర’ అంటాయి. అక్కడి గని పనివాళ్ల మాట ‘గాంగ్’, అంటే నడక, దారి. తూర్పు పడమరలుగా సాగేవి ‘ఉదయపు దారులు’, ఉత్తర దక్షిణాలుగా సాగేవి ‘అర్ధరాత్రి దారులు’. దిక్కులకు పొద్దును బట్టి పేర్లు పెట్టడం మనకూ కొత్త కాదు, పొద్దు పడే దిక్కేగా పడమర! ఆ గనుల్లో అర్ధరాత్రి దారులే ధనవంతమైనవి. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ప్రశ్న: కోబాల్ట్ పేరు దెయ్యం పేరని విన్నాను. నిజమేనా?

జవాబు: నిజమే. ఆ కొండల గనివాళ్లకు కోబోల్డ్ ఒక కొంటె దెయ్యం. వెండిలా కనిపించే ముడిరాయిని కాలిస్తే వెండి రాదు సరికదా, విషపు పొగ వచ్చేది. దెయ్యం వెండిని దొంగిలించిందనుకుని ఆ రాయికి దాని పేరే పెట్టారు. అసలు దొంగ ఆ రాయిలోని ఆర్సెనిక్, మన పాత మాటలో పాషాణం. మనకూ ‘రాయి’ అన్న మాటే విషానికి పేరైంది చూశారా!

ఇంకో మాట ‘పెఖ్‌బ్లెండె’. తారులా నల్లగా ఉండి, లోహం ఇవ్వకుండా మోసగించే రాయి. ‘పెఖ్’ అంటే జర్మన్‌లో దురదృష్టమనీ అర్థముంది కనుక ‘దురదృష్టపు రాయి’ అని కొందరంటారు. నాకు తారే సబబుగా తోస్తుంది, రాయి రంగే చెబుతోంది కదా. ఈ రాతిలోంచి యురేనియం తీయగా మిగిలిన పిప్పిని యాఖిమోవ్ నుంచి తెప్పించుకునే మేరీ క్యూరీ, పియర్ క్యూరీ రేడియాన్ని వేరుచేశారు. గనివాళ్లను శతాబ్దాలుగా చంపిన ‘కొండజబ్బు’ ఊపిరితిత్తుల క్యాన్సరనీ, దానికి ముఖ్య కారణం యురేనియం రాతిలోంచి పుట్టే రేడాన్ వాయువనీ తర్వాత తెలిసింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఖైదీల చేత అక్కడ సోవియట్ యూనియన్ కోసం యురేనియం తవ్వించారు. ఆ యురేనియం తవ్వకం 1964లో ఆగింది.

ప్రశ్న: ఇప్పుడు గని మూసేశారా?

జవాబు: అన్నీ కాదు. 1518 నాటి ఒక గని ఇంకా నడుస్తోంది. ఇప్పటి పేరు స్వోర్నోస్త్, చెక్‌లో ఐకమత్యం అని. ఇప్పుడు అందులోంచి పైకి వచ్చేది రేడాన్ కలిసిన గోరువెచ్చని నీళ్లు, ఊళ్లోని చికిత్సాలయాల స్నానాలకు.