తెలుగు టైపింగుకి ఇన్‌స్క్రిప్టా, ఇంగ్లిష్ స్పెల్లింగా?

ఉల్లిపూత:
మా అమ్మాయి వచ్చే నెల ఒక తెలుగు వార్తల వెబ్‌సైటులో సబ్‌ఎడిటర్ ట్రైనీగా చేరుతోంది. ఇప్పటిదాకా ఫోనులో ఇంగ్లిష్ స్పెల్లింగ్ కొట్టి తెలుగు తెప్పించుకోవడమే దాని అలవాటు. ఈ నెలలో ఇన్‌స్క్రిప్ట్, అంటే ఒక్కో తెలుగు అక్షరానికీ గుర్తుకీ ఒక్కో మీట ఉండే కీబోర్డు వరస, నేర్చుకోమంటున్నాను. "ఈ రోజుల్లో మీటలు బట్టీ పట్టడమేంటి నాన్నా" అంటోంది. ఇంట్లో తేలేలా లేదు. మీరేమంటారు?

గోదారిగట్టు:
నేను అమ్మాయి వైపే. పదహారేళ్లుగా ఆర్టీఎస్‌లోనే (రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్, ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రాసే పద్ధతి) రాస్తున్నాను. ఇదేదో అడ్డదారి కాదండీ. అమెరికాలో రైస్ యూనివర్సిటీలోని తెలుగువాళ్లు తయారుచేసిన పద్ధతి, ఆ పేరే దానికి నిలిచింది. తెరమీద తెలుగు అక్షరం కనపడని రోజుల్లో యూజ్‌నెట్ అనే పాతకాలపు ఇంటర్నెట్ చర్చా గుంపుల్లో తెలుగు తిరిగింది దీంతోనే. చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. అంతకన్నా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. ఇంగ్లిష్ మీటలు చేతికి ఎలాగూ వచ్చు, మళ్ళీ ఇంకో వరస ఎందుకు? "స్త్రీ" నాకు నాలుగు అక్షరాలు. ఇన్‌స్క్రిప్ట్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన దీర్ఘం. ఆరు!

నకారపొల్లు:
గోదారిగట్టు గారూ, ఏరి ఏరి "స్త్రీ"ని తెచ్చారు. "కమలం" తీసుకోండి. మీకు ఏడు, నాకు నాలుగు. "రామారావు" మీకు పదకొండు, నాకు ఎనిమిది. తెలుగులో క అంటేనే అందులో అ ఉంది. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఆ అ ని ప్రతిసారీ విడిగా కొట్టాలి.

ఇన్‌స్క్రిప్ట్ బట్టీ వ్యవహారం కూడా కాదు. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కె మీట మీద క, షిఫ్ట్ పట్టుకుంటే ఖ. ఐ మీద గ, షిఫ్టుతో ఘ. పొల్లు ఎడమ మధ్యవేలి కింద డి మీట మీద ఉంటుంది, దానికే షిఫ్ట్ తగిలిస్తే అ. 1991 నాటి ఇస్కీ (కంప్యూటర్లో భారతీయ లిపుల కోసం చేసిన) ప్రమాణంలోనే ఈ వరస ఉంది. కన్నడానికి, హిందీకి కూడా ఇదే వరస కాబట్టి ఒకసారి వేళ్లకి పట్టుబడితే అవీ కొట్టేయొచ్చు. నాకు మూడు వారాలు పట్టింది. మొదటి వారం మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

లోపం నేనే చెప్తాను. హిందీలో లేని హ్రస్వ ఎ, ఒ మనకి అడుగడుగునా కావాలి. వాటిని మూలలకి తోసేశారు. ఎత్వం కింది వరసలో జడ్ మీద, ఒత్వం ట్యాబ్ పైనున్న మీట మీద. "చెప్పు", "పొలం", "కొట్టు" కొడుతున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

గోదారిగట్టు:
లెక్క ఒప్పుకుంటాను, కానీ పూర్తిగా కాదు. ఆ కి పెద్ద ఏ వాడితే "రామారావు" నాకూ ఎనిమిదే.

నకారపొల్లు:
మూడు షిఫ్టులు లెక్కలో వేసుకోలేదు మీరు :)

బెజవాడ_డీటీపీ:
ఇద్దరూ మమ్మల్ని మర్చిపోయారు. ఇరవై రెండేళ్లుగా డీటీపీ పనికి అనూ ఫాంట్లు, అందులో యాపిల్ అనే మీటల వరస. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే రాత్రింబవళ్లు వాల్‌పోస్టర్లు. నా స్పీడుకి మీరిద్దరూ కలిసినా చాలరు. అయినా ఆ పిల్లకి ఇది చెప్పను. పాత అనూలో కొట్టింది తీసుకెళ్లి వెబ్‌సైటులో పేస్ట్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి, మార్చడానికి కన్వర్టర్ వెతుక్కోవాలి. ముందు ఆఫీసులో ఏం వాడతారో కనుక్కోమనండి తమ్ముడూ. మిగతాదంతా తర్వాత.

చెవిలోపువ్వు:
ఇంకా మీటల గొడవేనా? గూగుల్ వాయిస్ టైపింగులోకి తెలుగు 2017లోనే వచ్చింది. మాట్లాడితే సరిపోదా?

డెస్క్‌మీదకునుకు:
డెస్కులో పదేళ్లు చేశాను కాబట్టి చెప్తున్నా. పాతికమంది కూర్చున్న హాల్లో అందరూ ఫోన్లకి వార్తలు చెప్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా కామా, కొటేషన్ ఎవరు పెడతారు?

అసలు సంగతి ఎవరూ అనలేదు. సబ్‌ఎడిటర్ కొత్తగా రాసేది తక్కువ, విలేకరి పంపింది దిద్దేది ఎక్కువ. మాట మధ్యలో "కి"ని "కీ" చేయాలనుకోండి. ఇన్‌స్క్రిప్ట్‌లో గుడి చెరిపి దీర్ఘం కొడితే అయిపోయింది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ పద్ధతిలో గుడి చెరిపి డబుల్ ఐ కొడితే చాలా టైపింగ్ పరికరాల్లో (సాఫ్ట్‌వేర్లలో) "కఈ" అని పడుతుంది, ఎందుకంటే దానికి ముందున్న క సంగతి గుర్తుండదు. వెనక్కి చూసి సరిగ్గా కలిపే పరికరాలు ఉన్నాయి, కాదనను. కానీ ఆఫీసు కంప్యూటర్లో ఏది ఉంటుందో మన చేతుల్లో ఉండదు. రోజుకి వంద చోట్ల దిద్దేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. నేను ఆర్టీఎస్ నుంచి ఇన్‌స్క్రిప్టుకి మారింది స్పీడు కోసం కాదు, దీని కోసమే.

గోదారిగట్టు:
ఈ పాయింటు నిజమే. నేను రాసేది కథలు, దిద్దేదీ నావే, అందుకే ఇన్నాళ్లూ ఇబ్బంది తెలియలేదు. అయినా ఒక మాట. సొంతంగా పరికరాలు వేసుకోనివ్వని ఆఫీసుల్లో ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే దిక్కు అనేవారు. 2019 అప్‌డేటుతో విండోస్ 10లోనే తెలుగు ఫోనెటిక్, అంటే ఇంగ్లిష్ స్పెల్లింగ్ పద్ధతి, వచ్చేసింది. ఆ సాకు ఇక చెల్లదు.

ఉల్లిపూత:
అందరికీ థాంక్స్. మా అమ్మాయి ఆఫీసుకి ఫోన్ చేసి అడిగింది. "యూనికోడ్ అయితే చాలు, ఎలా కొట్టుకున్నా మీ ఇష్టం" అన్నారట. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనపడే అక్షరాల కోడు. రెండు పద్ధతుల్లోనూ వచ్చేది అదే కాబట్టి మళ్ళీ మొదటికొచ్చాం. డెస్క్ గారు చెప్పిన "కీ" ప్రయోగం రాత్రి దాని ల్యాప్‌టాప్‌లోనే చేయించాను. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ "కఈ". ఏమీ అనలేదు కానీ ఇన్‌స్క్రిప్ట్ మీటల బొమ్మ ఫోనులో సేవ్ చేసుకుంది. పొద్దున్నే ఒక డౌటు అడిగింది, నాకు తెలియక ఇక్కడ అడుగుతున్నా. ఆ జడ్ మీద ఎత్వానికి చిటికెన వేలేనా, ఉంగరపు వేలా?

నకారపొల్లు:
చిటికెన వేలే. రెండు రోజులు నొప్పి పుడుతుందని ముందే చెప్పండి.