పోయిన చోటే వెతుక్కోవాలా? రేసు నష్టం, కార్డు బాకీ, మిగిలిన 13 వేలు

హైగ్రౌండ్స్ గ్యాలరీ: ఒక మనిషికి బెంగళూరు రేసుల్లో 60 వేలు పోయాయనుకుందాం. క్రెడిట్ కార్డు మీద లక్ష బాకీ, చేతిలో 13 వేలు. పోయిన చోటే వెతుక్కోమన్నారు మన పెద్దలు. గుర్రప్పందెం లాటరీ కాదు, నైపుణ్యమున్న ఆటేనని 1996లో సుప్రీంకోర్టు మద్రాసు రేసు క్లబ్బు కేసులో తేల్చింది. గుర్రం పాత పరుగులు, మోసే బరువు, జాకీ, ట్రాక్ తడి చూసి ఆడగలిగినవాడికి ఆ 13 వేలు పెట్టుబడి అంటాను నేను. కాదనేవాళ్ళు లెక్కతో రండి, నీతులొద్దు.

టోటు లెక్క: ఆ తీర్పు పుణ్యాన రేసుకోర్సులో పందెం కాస్తే పోలీసులు పట్టుకోరు. దాని ఉపయోగం అంతవరకే. లెక్క అడిగారు కాబట్టి ఇదిగో. 2025 సెప్టెంబర్ 22 నుంచి పందెం ముఖవిలువ మీద జీఎస్టీ 40 శాతం. 100 పందెం కాయాలంటే 140 పోతుంది. సమాన ధర (కాసినంతే లాభం) ఉన్న గుర్రం గెలిస్తే చేతికి 200. పది పందేలకు ఖర్చు 1,400. ఆరు గెలిచినా వచ్చేది 1,200, అంటే 200 నష్టం. ఏడు గెలిస్తే గోడకు కొట్టిన బంతి. పదికి ఏడుసార్లు గెలిచే గుర్రానికి బుక్కీ సమాన ధర ఎందుకిస్తాడో చెప్పండి. ఇది చాలదన్నట్టు గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను, దాని మీద సెస్సు. ఓడిన పందేలను అందులోంచి తీసివేయనివ్వరు. పది గెలిచి పన్నెండు ఓడినవాడూ ఆ పదింటి మీద పన్ను కట్టాల్సిందే.

యశ్వంతపుర 2: మరి ఫోన్లో రమ్మీ? సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1968లోనే అది నైపుణ్యమన్నారు కదా.

టోటు లెక్క: ఆ తలుపు మూసుకుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా నిషేధించింది. ఇంకా ఆడనిస్తున్న యాప్‌లో గెలిచి, వాడు డబ్బు ఇవ్వకపోతే ఎవరికి చెప్పుకుంటారు?

హైగ్రౌండ్స్ గ్యాలరీ: పన్ను సంగతి ఒప్పుకుంటా. అయితే గోవా కాసినోలో, ఎరుపు నలుపు గళ్ళ రౌలెట్ చక్రం మీద రెట్టింపు పద్ధతి ఉంది. ఎరుపు మీద 100, పోతే 200, పోతే 400. ఎప్పుడో ఒకప్పుడు ఎరుపు పడుతుంది, 100 లాభంతో మళ్ళీ మొదలు.

సున్నా గడి: ఎప్పుడో పడుతుంది గురూ, అప్పటిదాకా జేబు ఆగాలి. 100, 200, 400, 800, 1600, 3200, 6400. కూడితే 12,700. మీ 13 వేలు సరిగ్గా ఏడు దెబ్బలకు సరిపోతాయి. ఒకే సున్నా ఉన్న చక్రంలో 37 గళ్ళు, ఎరుపు కానివి 19. వరసగా ఏడుసార్లు పోయే అవకాశం 106లో ఒకటి. చిన్నదనిపిస్తుంది గానీ 60 వేలు రావాలంటే అలాంటి విడతలు 600 దాటాలి. ఏడు వరస ఒక్కసారీ తగలకుండా 600 దాటడం వెయ్యికి మూడున్నర వంతు. టేబుల్ మీద గరిష్ఠ పందెం హద్దు ఉంటే ఏడో దెబ్బ వేయనివ్వనే వేయనివ్వరు. ముందు ఎన్ని నలుపులు పడ్డాయో చక్రానికి గుర్తుండదన్నది వేరే సంగతి.

ఇంకో మాట. మన వైపు మొగ్గు లేని ఏ ఆటలోనైనా, ఏ పద్ధతిలో ఆడినా, 13 వేలను 73 వేలు చేసే అవకాశం 73లో 13 వంతులు దాటదు. నూటికి 18 కూడా లేదు. పన్నులు కూడా పోతే ఇంకా తక్కువ. చిన్న పందేలు వందలకొద్దీ వేయడం కన్నా ఒకే పెద్ద దెబ్బ వేయడమే ఈ అంకెకు దగ్గరగా వస్తుంది. పద్ధతులు అమ్మేవాళ్ళు ఇది చెప్పరు.

మదనపల్లె టు మడివాళ: యాడ పోయిందో ఆడ్నే ఎతుక్కోమన్నది ఉంగరం గురించి అప్పా, పందెం గురించి గాదు. ఆ 13 వేలు కార్డుకు కట్టమనండి. నెలకు మూడున్నర శాతమనుకుంటే లక్ష మీద వడ్డీ 3,500, దాని మీద జీఎస్టీ 18 శాతం 630, మొత్తం 4,130. కనీస మొత్తం 5 వేలు కడితే అసల్లో తగ్గేది 870 రూపాయలు. అదే 13 వేలు అసల్లో పడితే నెలకు 537 మిగులు. ఇంత ఖాయంగా ఏ గుర్రమూ ఇయ్యదు. బాకీ ఉన్నంతకాలం ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకూడదు, కొన్నరోజు నుంచే వడ్డీ పడతాది.

యశ్వంతపుర 2: బుక్కీకి కూడా బాకీ ఉంటే? పందెం బాకీ కోర్టులో చెల్లదంటారు.

సున్నా గడి: కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం చెల్లదు. దాన్ని చూసి ధైర్యపడకండి. పందెం కోసం మూడో మనిషి దగ్గర తెచ్చిన అప్పు చెల్లుతుంది. పందెం చెల్లదే గాని అంతమాత్రాన చట్టవిరుద్ధం కాదని 1959లో సుప్రీంకోర్టు ఘెరూలాల్ పరఖ్ కేసులో చెప్పింది. కార్డు బాకీ సంగతి చెప్పనే అక్కర్లేదు. బ్యాంకు వసూలు ఏజెంట్లు మాత్రం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, అది ఆర్‌బీఐ మాట. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళొచ్చు.

మదనపల్లె టు మడివాళ: మిగిలిన 87 వేలకు, ఇదివరకే చీటీ కడుతుంటే దాన్ని పాడుకోవడం మేలు. రిజిస్టరైన చీటీ అయ్యుండాల. కర్ణాటకలో చీటీలు నడిపే ఎంఎస్‌ఐఎల్ కంపెనీ ప్రభుత్వానిదే. 25 మంది, నెలకు 4,000, లక్ష చీటీ. మూడో నెల 25 వేలు తగ్గించి పాడితే చేతికి 75 వేలు. ఆ 25లో కమిషన్ 5 వేలు పోను 20 వేలు 25 మందికి, తలా 800 డివిడెండు. నెలనెలా ఇది తగ్గుతా వస్తాది. మిగతా 22 నెలలకు సగటున 3,400 చొప్పున కట్టేది 74,800. మొదటి మూడు నెలలు కట్టిందీ కలిపి లెక్క వేస్తే వడ్డీ ఏడాదికి 15 శాతం చుట్టుపక్కల. కార్డుది 42, జీఎస్టీ అదనం.

హైగ్రౌండ్స్ గ్యాలరీ: మూడో నెల నాకే వస్తుందని ఏముంది? కొత్త గ్రూపులో మొదటి చీటీ కంపెనీదే కదా.

మదనపల్లె టు మడివాళ: కంపెనీదే. తర్వాతి నెలల్లో నలుగురైదుగురు గరిష్ఠ తగ్గింపుకే పాడితే పేర్లు రాసి చీటీలు తీస్తారు. ఆడ మాత్రం మీ అదృష్టమే అప్పా. పడితే జామీనుకు ఇద్దరు జీతగాళ్ళను సిద్ధంగా పెట్టుకోండి, వాళ్ళ శాలరీ స్లిప్పులు అందేదాకా చెక్కు చేతికి రాదు.