మైకోప్లాస్మా నిమోనియా రెండోసారి ఎందుకొచ్చింది?

హనుమకొండ అమ్మ: మా బాబుకు తొమ్మిదేళ్లు. రెండేళ్ల కింద వచ్చింది, మొన్న మళ్లీ అదే అన్నారు. రాత్రంతా దగ్గు, నాకు ఒకటే టెన్షన్. ఒకసారి వచ్చాక ఒళ్లు గుర్తుపట్టాలి కదా?

కాజీపేట లెక్చరర్: అక్కా, ఈ నిమోనియా తెచ్చే మైకోప్లాస్మా క్రిమి శ్వాసనాళానికి పీ1 అనే ప్రోటీన్‌తో అతుక్కుంటుంది. మన యాంటీబాడీలు, అంటే ఒంట్లో తయారయ్యే రక్షణ ప్రోటీన్లు, ముఖ్యంగా పట్టేది దాన్నే. పీ1 జన్యువులోని కొన్ని ముక్కలకు దగ్గరి పోలికలున్న నకళ్లు జీనోమ్‌లో, అంటే దాని మొత్తం డీఎన్ఏలో, వేరేచోట్ల ఉంటాయి. అవి కలగలిస్తే పీ1 రూపం మారుతుంది, పాత యాంటీబాడీలు దాన్ని సరిగా పట్టలేకపోవచ్చు. ఈ రూపాల్లో ముఖ్యమైనవాటిని టైప్ 1, టైప్ 2 అంటారు. మొత్తం జీనోమ్ 8.16 లక్షల డీఎన్ఏ అక్షరాలే, అందులోనే ఇంత ఏర్పాటు! పాఠం చెప్పిన ప్రతిసారీ ఆశ్చర్యపోతాను. పైగా రక్షణ కూడా ఎక్కువకాలం నిలవదు.

పరకాల నర్సు: అమాక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్ దెబ్బతీసేది క్రిమి కణం చుట్టూ ఉండే కణకవచాన్ని. దీనికి ఆ కవచమే ఉండదు, అందుకే ఆ మందు పనిచేయదు. పాత చీటీ మందు వేయకండమ్మా.

హనుమకొండ అమ్మ: ఫ్రిజ్‌లో ఆ సీసానే ఉంది. ఇప్పుడే తీసేస్తున్నా.