తుఫాను రోజున ప్లాంటుకు ఎవరు రావాలి, రానివారి కూలి మాటేమిటి?

ప్రశ్న (నరసాపురం దగ్గర నుంచి)

నేను సూపర్‌వైజరుగా ఉన్న రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సుమారు 140 మంది పనిచేస్తున్నారు. తలలు తీసే ఆడవాళ్లలో చాలామంది సఖినేటిపల్లి వైపు నుంచి పంటు (మనుషులను, బళ్లను రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి పాయ అయిన వశిష్ఠ దాటి వస్తారు. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను, రెండూ గోదావరి జిల్లాల తీరం మీదే విరుచుకుపడ్డాయి. తుఫాను హెచ్చరిక వెలువడగానే, కుండపోత వానకు చెరువులో ఉప్పదనం పడిపోతుందని, కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయని భయపడి రైతులు ముందుగానే రొయ్యలు పట్టేస్తారు. అందువల్ల మనుషులను ఇళ్లకు పంపవలసిన రోజునే మాకు సరుకు పోటెత్తుతుంది. కిందటిసారి యాజమాన్యం "రాగలిగినవారు రండి" అని వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టి ఊరుకుంది. రానివారికి కూలి కోశారు. వచ్చినవారు సాయంత్రానికి పంటు ఆగిపోయి, ఆ గాలిలో చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి ఇళ్లు చేరారు. ఈసారి నియమాలను కాగితం మీద పెట్టే పని నాకు అప్పగించారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (భీమవరం, కార్మిక చట్టాల పని చూస్తుంటాను)

"రాగలిగినవారు రండి" అనే మాటతోనే చిక్కంతా వచ్చింది. ప్లాంటు తెరిచే ఉందంటే రానివారు గైర్హాజరైనట్టే, ఆ రోజు వేతనం కోయడానికి యజమానికి వీలుంటుంది. ప్రకృతి వైపరీత్యం వల్ల పని ఇవ్వలేకపోతున్నామని యాజమాన్యమే మూసివేస్తే అది లే-ఆఫ్ అవుతుంది. 50 మందికి తగ్గకుండా కార్మికులున్న సంస్థలో, ఏడాది నిరంతర సర్వీసు ఉండి మస్టరు రోలులో (హాజరు పట్టీలో) పేరున్నవారికి మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం చెల్లించాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ సూత్రమే, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కొనసాగింది. అయితే బదిలీ (వేరొకరు రానప్పుడు వారి చోట పనిచేసే), క్యాజువల్ (అవసరం ఉన్నప్పుడే పిలిచే) కార్మికులకు ఇది వర్తించదు. మీ దగ్గర తలలు తీసేవారిలో ఎక్కువమంది ఆ కోవలోనే ఉంటారని నా అనుమానం. వారి కోసం యాజమాన్యం తనంతట తానుగా ఒక మొత్తం నిర్ణయించి నియమాల్లో రాయకపోతే చట్టం వారిని ఆదుకోదు.

జవాబు (కాకినాడ వైపు, రిఫ్రిజిరేషన్ ఆపరేటర్)

పూర్తిగా మూసేయమనడం తేలికే గాని, చల్లదనం కోసం నడిపే అమ్మోనియా ప్లాంటును, నిండుగా సరుకున్న కోల్డ్ స్టోరేజీని ఎవరూ లేకుండా వదిలి వెళ్లలేము. మా దగ్గర ప్రతి షిఫ్టుకూ ఇద్దరు ఆపరేటర్లు, ఒక ఎలక్ట్రీషియన్, ఒక జనరేటర్ మనిషి, వాచ్‌మన్ చొప్పున పేర్లు సీజను మొదట్లోనే రాసుకుంటాం. వారు తుఫానుకు ముందురోజే లోపలికి వచ్చేస్తారు, గాలి తగ్గేదాకా బయటికి వెళ్లరు. పడక, భోజనం, తాగునీరు కంపెనీవే. నిర్ణీత గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇస్తారు. ఇంటి దగ్గర చిన్నపిల్లలో, మంచం పట్టిన పెద్దవాళ్లో ఉన్నవారిని ఆ జాబితాలో వేయరు. డీజిల్ మాత్రం రెండు రోజుల ముందే నింపుకోండి, తుఫాను తెల్లవారి బంకుల దగ్గర నిలబడే కథ వేరే చెప్పాలి.

జవాబు (సఖినేటిపల్లి నుంచి)

నేను మీరు చెప్పిన పంటు మీదే ఏళ్ల తరబడి వస్తున్నదాన్ని. కూలి సగమా, మొత్తమా అన్నది తరవాతి మాటండీ. పొద్దున్న రేవుకు చేరాక కాకుండా, ముందురోజు మధ్యాహ్నానికే సెలవు సంగతి చెప్పండి. ఆ మాట మేస్త్రీ నోటి వెంట కాకుండా యాజమాన్యం పేరుతో రావాలి, ఎందుకంటే మేస్త్రీ రావద్దన్నాడని మానేసిన రోజు కూడా నాకు కూలి కోశారు.

ప్రశ్న అడిగినవారు

ఇందరి మాటా విన్నాక చిత్తు కాగితంలో మొదటి పంక్తి మార్చాను. వాతావరణ శాఖ మా జిల్లాకు రెడ్ హెచ్చరిక ఇస్తే, ముందురోజు మధ్యాహ్నం రెండు గంటలకల్లా ప్లాంటు మూసివేతను మేనేజరు సంతకంతో ప్రకటించాలి, ఆ తరవాత కొత్త సరుకు దించుకోరాదు. క్యాజువల్ వారికి రోజుకు సగం కూలి అని రాశాను. సరుకు ఆపే సంగతి దగ్గర యజమాని గారు ఇంకా ఒప్పుకోలేదు.