క్లాస్ కేసు రాజీలో మిగిలిన డబ్బు ఉచిత న్యాయ సహాయానికి ఇవ్వొచ్చా?

ప్రశ్న: సర్జాపూర్_కార్యదర్శి

అందరికీ నమస్కారం. బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో 412 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. బెస్కాం (కరెంటు సంస్థ), జలమండలి కనెక్షన్ల పేరు చెప్పి బిల్డరు అదనంగా వసూలు చేసిన డబ్బు మీద వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 35(1)(సి) కింద అందరి తరఫునా ఒకే ఫిర్యాదుగా (క్లాస్ కేసు) జాతీయ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాం. రాజీ కుదిరింది. ఫ్లాటుకు 45,000 చొప్పున 1,85,40,000 రూపాయలు విడి ఖాతాలో పడ్డాయి. 341 ఫ్లాట్లవాళ్లకు అందింది. మిగతా 71 ఫ్లాట్ల సొమ్ము 31,95,000 అలాగే ఉంది. వాళ్లలో ఫ్లాటు అమ్ముకుని వెళ్లినవాళ్లున్నారు, విదేశాల్లో ఉన్నవాళ్లున్నారు, చనిపోయినవాళ్లూ ఉన్నారు.

మిగులు ఏం చెయ్యాలో రాజీ పత్రంలో ఒక్క ముక్క లేదు. బిల్డరు తనకు తిరిగి ఇమ్మంటున్నాడు. కమిటీలో కొందరు ఈ 341 మందికే పంచేద్దామంటున్నారు. భవన నిర్మాణ కూలీల జీతాల కేసులు ఉచితంగా చూసే సంస్థకు ఇద్దామని మిగతావాళ్లు. అమెరికాలో ఇలాంటి మిగులు లీగల్ ఎయిడ్‌కు ఇస్తారని విన్నాం. ఇక్కడ కుదురుతుందా? ఎలా వెళ్లాలి?

జవాబు: శివాజీనగర్_వకీలు

ఆ 31.95 లక్షలు అసోసియేషన్‌వి కావు, బిల్డరువీ కావు. ఆ 71 ఇళ్లవాళ్లవి. జనరల్ బాడీలో తీర్మానం చేసి ఎవరికైనా ఇచ్చేస్తే రేపు సంతకం పెట్టినవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. కమిషన్ ఉత్తర్వు లేకుండా ఒక్క రూపాయి కదపకండి.

ఇలాంటి ఫిర్యాదుకు సెక్షన్ 38(11) ద్వారా సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 1 రూల్ 8 (చాలామంది తరఫున కొందరు కేసు నడిపే నియమం) వర్తిస్తుంది. దాని నాలుగో ఉపనియమం ప్రకారం రాజీని నమోదు చేసేముందు అందులో ప్రయోజనం ఉన్న అందరికీ నోటీసు వెళ్లాలి, ఆ ఖర్చు ఫిర్యాదుదారుదే. మిగులుకు కొత్తగా దారి చూపడమంటే రాజీకి కొత్త షరతు చేర్చడమే. కాబట్టి ఇప్పుడు మళ్లీ నోటీసు ఇవ్వడం మంచిది. రెండు పక్షాలూ సంతకం చేసిన దరఖాస్తు వేసి, 'మిగులు వినియోగంపై ఆదేశాలు ఇప్పించండి' అని అడగండి. బిల్డరు సంతకం పెట్టకపోయినా దరఖాస్తు వెయ్యొచ్చు, వాదన మాత్రం పెరుగుతుంది. డబ్బు వెనక్కి రావాలంటే రాజీ పత్రంలో ఆ మాట ఉందా అన్నదే అతణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. సెక్షన్ 39(1)(కె) చూపించి డబ్బు సంస్థకు ఇప్పించమని అడుగుతారు. అది సులువుగా గుర్తించలేని వినియోగదారుల కోసం పెట్టినది. అక్కడ కట్టాల్సిన మొత్తం కూడా ఆ వస్తువు లేదా సేవ విలువలో 25 శాతానికి తగ్గకూడదు. మీ 71 మంది పేర్లు సేల్ డీడ్లలో ఉన్నాయి. వాళ్లు దొరకలేదంతే. ఆ సెక్షన్ మీద ఆధారపడితే అవతలి వకీలు మొదటి వాయిదాలోనే పట్టుకుంటాడు.

ఎవరికి ఇవ్వాలన్నదానికి నా సలహా కర్ణాటక రాష్ట్ర న్యాయసేవల ప్రాధికారం. న్యాయసేవల ప్రాధికారాల చట్టం, 1987 సెక్షన్ 16 కింద ఉండే రాష్ట్ర న్యాయ సహాయ నిధిలో, కోర్టు ఉత్తర్వుల మీద వచ్చే డబ్బు జమ చేసుకునే వీలు చట్టంలోనే రాసి ఉంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేని దారి అది. సిద్ధయ్య రోడ్డులో న్యాయదేగుల అనే భవనంలో ఉన్న వాళ్ల ఆఫీసుకు వెళ్లి, ఏ పని కోసం ఇస్తున్నారో రాసి, తీసుకోవడానికి అంగీకారపత్రం ముందే తెచ్చుకుని దరఖాస్తుకు జతచెయ్యండి. జాతీయ కమిషన్ పక్షాల మీద విధించే ఖర్చుల సొమ్మును తన కన్స్యూమర్ లీగల్ ఎయిడ్ ఖాతాలో కట్టమని ఆదేశించడం మామూలే, కాబట్టి వాళ్లు అటు మొగ్గే అవకాశం కూడా ఉంది. బెంగళూరు కూలీలకే అందాలన్నది మీ కోరికైతే ఆ సంగతి దరఖాస్తులో గట్టిగా చెప్పాలి.

జవాబు: రూల్_23

అమెరికా సంగతి నిజమే, కానీ సగమే చెప్పుకుంటున్నారు. అక్కడ దీన్ని సీ ప్రే అంటారు. ఇల్లినాయ్‌లో క్లాస్ సెటిల్మెంట్ మిగులులో కనీసం 50 శాతం లీగల్ ఎయిడ్ సంస్థలకు వెళ్లాలని చట్టం ఉంది. కాలిఫోర్నియా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 384 పేదలకు సివిల్ కేసుల్లో సాయపడే సంస్థలను అర్హుల్లో చేర్చింది. విడివిడిగా కోర్టుకు వెళ్లే స్తోమత లేకే జనం ఒక్కటై కేసు వేస్తారు కాబట్టి, మిగులు కోర్టు గడప ఎక్కలేనివాళ్లకు చేరాలన్నది దీని వెనకున్న తర్కం. నాకు ఇది బలమైన తర్కంగానే కనిపిస్తుంది.

అయితే అక్కడ కూడా మొదటి హక్కు క్లాసులోని మనుషులదే. అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ 2010లో ఇచ్చిన సూత్రాలు ఇదే చెప్తాయి: ముందు సభ్యులకు పంచాలి, మిగిలితే దొరికినవాళ్లకు ఇంకో విడత పంచాలి, అది ఆచరణలో కుదరకపోతేనే బయటి సంస్థ. ఫేస్‌బుక్ బీకన్ అనే గోప్యత కేసులో 95 లక్షల డాలర్ల సెటిల్మెంట్ నుంచి ఫీజులు పోగా మిగిలింది కొత్తగా పెట్టిన ఫౌండేషన్‌కు పోయింది. దాని బోర్డులో ఫేస్‌బుక్ మనిషి ఉన్నాడు. కేసులో పేరున్న కొద్దిమందికి తప్ప క్లాసులో మిగతావాళ్లకు పైసా రాలేదు. 2013లో అక్కడి సుప్రీంకోర్టు ఆ కేసు విచారణకు తీసుకోకపోయినా, ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఇలాంటి పరిష్కారాలపై తన ఆందోళనను విడిగా రాశారు.

కాబట్టి మీరు ఎంచుకునే సంస్థలో మీ కమిటీవాళ్లు గానీ, మీ వకీలు గానీ, బిల్డరు బంధువులు గానీ లేరని రాతపూర్వకంగా ఇవ్వండి. ఎవరైనా ఉంటే అదీ రాయండి. దాచిన సంబంధం ఒక్కటి బయటపడితే ఉత్తర్వు మొత్తం సందేహంలో పడుతుంది.

ఆ 341 మందికి పంచాలన్న కమిటీవాళ్ల మాటా కొట్టిపారేసేది కాదు. తలా 9,369 రూపాయలు వస్తాయి, బ్యాంకు బదిలీకి ఖర్చు దాదాపు లేదు. నా అభ్యంతరం ఒక్కటే. వాళ్లకు రావాల్సింది పూర్తిగా అందితే, ఇది పక్కింటివాళ్ల వాటా అవుతుంది. నష్టంలో కొంతే అందినట్టయితే రెండో విడత న్యాయమే. ఏది నిజమో దరఖాస్తులో లెక్కతో చూపించండి.

జవాబు: పద్దుల_పద్మ

చట్టం సంగతి పెద్దలు చెప్పారు. వెతికే పని ఎంత నిజాయితీగా చేశారో కమిషన్ ముందు చూపించాలి, అసలు బరువు అక్కడుంది.

71 ఫ్లాట్లకూ ఒక పట్టిక వెయ్యండి. ఫ్లాటు నంబరు, డీడ్‌లోని పేర్లు, పంపిన ఉత్తరం తేదీ, అది తిరిగొస్తే కవరు మీద పోస్టుమ్యాన్ రాసిన కారణం, బ్యాంకు బదిలీ తిరిగొస్తే దాని కారణం. కొనుగోలుదారుల పేర్లు కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో తీసే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) దొరుకుతాయి. ఫోన్ నంబర్లు అందులో ఉండవు, వాటికి బిల్డరు దగ్గరి బుకింగ్ ఫారాలు, బ్యాంకు లోన్ కాగితాలు చూడాలి. జంట పేర్ల ఫ్లాట్లలో ఒకరి ఖాతాకే వేస్తే రెండోవాళ్లు తర్వాత అడుగుతారు, ఇద్దరి సంతకం తీసుకోండి. పెద్ద మొత్తం పంపేముందు ఒక్క రూపాయి వేసి ఖాతా పేరు సరిచూసుకోండి. చెక్కులిస్తే మూడు నెలల్లో చెల్లకుండా పోతాయి. అలా పోయినవి మీ 71లో ఎన్ని ఉన్నాయో విడిగా చూడండి, ఎందుకంటే ఆ మనుషులు దొరికినవాళ్లే.

పత్రికా ప్రకటన కన్నడ, ఇంగ్లీషుల్లో ఇచ్చి ఊరుకోకండి. సర్జాపూర్ వైపు ఫ్లాట్లు కొన్నవాళ్లలో మనవాళ్లు ఎందరో! ఒక తెలుగు పత్రికలో కూడా వేయించండి.

ఈలోగా డబ్బు మెయింటెనెన్స్ ఖాతాలో కలవకూడదు. విడి ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యండి, వడ్డీ కూడా నిధిదే. ఖాతాకు పాన్ లేకపోతే వడ్డీ మీద టీడీఎస్ 20 శాతం పోతుంది. బిల్డరు ఈ సొమ్మును తన సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) ఖర్చుగా చూపుకోకూడదనీ, దీనిమీద పన్ను మినహాయింపు కోసం విరాళం రసీదు ఎవరూ తీసుకోకూడదనీ ఉత్తర్వులో రాయించండి. ఇది ఎవరి విరాళమూ కాదు.

సర్జాపూర్_కార్యదర్శి

చాలా కృతజ్ఞతలు. ఒక్క సందేహం. ఇచ్చేశాక ఆ 71 మందిలో ఒకరు వచ్చి అడిగితే?

జవాబు: శివాజీనగర్_వకీలు

అందుకే అంతా ఒకేసారి ఇవ్వొద్దు. ప్రకటన తర్వాత ఆరు నెలల గడువు పెట్టమనండి. ఆ తర్వాత కొంత భాగం నిల్వ ఉంచి మిగతాది రెండు విడతల్లో వెళ్లేలా అడగండి, రెండో విడత మొదటిదాని ఖర్చు నివేదిక వచ్చాకే. ప్రైవేటు సంస్థకే ఇప్పించాలని కమిటీ పట్టుబడితే ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధర్మసంస్థగా రిజిస్ట్రేషన్, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, ఏ లేబర్ కోర్టులో ఎన్ని కేసులు నడుపుతున్నారో జాబితా తెప్పించండి. నిల్వ భాగం ఎంత ఉండాలో ముందే ఊహించి రాయకండి. పద్మగారు చెప్పిన పట్టికలో ఉత్తరం తిరిగిరాని ఫ్లాట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి, వాళ్లే రేపు వచ్చి అడిగేవాళ్లు. ఫ్లాటుకు 45,000 చొప్పున అంత పక్కన పెడితే చాలు.